ఒకే ఉప్పెన అన్నదమ్ములకు రెండు విధాలుగా గుర్తుంటే, మనవరాలికి ఏది రాసివ్వాలి?

ప్రశ్న: దివిసీమవాసి

అందరికీ నమస్కారం. నా వయసు 71 సంవత్సరాలు. మాది కృష్ణా జిల్లా దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఒక చిన్న పల్లె. ఒక సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు విజయవాడలో పెద్దబ్బాయి దగ్గర ఉంటున్నాను. అమెరికాలో ఉన్న మా అమ్మాయి కూతురు మొన్న వేసవి సెలవులకు వచ్చి, "తాతయ్యా, ఉప్పెన సంగతి నువ్వు ఎప్పుడూ ముక్కలు ముక్కలుగానే చెబుతావు, మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి రాసిపెట్టవా" అని అడిగింది. ఆ పిల్ల కోసం రూళ్ళ నోటుబుక్కు కొని, రోజుకు ఒక పేజీ చొప్పున 14 పేజీలు రాశాను. రాయడం కష్టమనిపించలేదు. నిన్న మధ్యాహ్నం ఏ కూరతో అన్నం తిన్నానో ఒక్కొక్కసారి తడుముకోవలసి వస్తోంది గాని, 1977 నవంబరు 19, శనివారం నాటి సాయంత్రం మాత్రం తలుపు తీసి పక్కగదిలోకి చూసినంత స్పష్టంగా కనిపిస్తుంది. కనీసం మొన్నటిదాకా అలాగే అనుకున్నాను.

రాసినదంతా మా తమ్ముడికి చదివి వినిపించాను. ఉప్పెన నాటికి నాకు 23 ఏళ్ళు, వాడికి 15. వాడు ఇప్పటికీ ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు. మూడో పేజీలోనే నన్ను ఆపాడు. ఆ రాత్రి అమావాస్య అనీ, కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి అనీ నేను రాశాను. "అన్నయ్యా, అప్పటికి దీపావళి వెళ్ళి వారం దాటింది, మళ్ళీ అమావాస్య ఎక్కడినుంచి వచ్చింది" అన్నాడు. ఆ ఏటి పంచాంగం సంపాదించి చూశాను. వాడి మాటే నిజం. కార్తీక శుద్ధం సగం గడిచిన రోజులవి. మబ్బు లేకపోయి ఉంటే సగానికి మించిన చంద్రుడు ఆకాశంలో ఉండేవాడు. నేను చూసిన చీకటి నిజమే, అమావాస్య మాత్రం తరువాత ఎప్పుడో నా మనసు తెచ్చి అంటించుకున్నది.

అది చిన్న విషయమేనని సరిపెట్టుకున్నాను. రెండవది అంత చిన్నది కాదు. మా పాడిగేదె పలుపు నేనే విప్పి వదిలానని రాశాను. తడిసి బిగుసుకుపోయిన కొబ్బరితాడు ముడి నా వేళ్ళకింద ఎలా జారిపోయిందో, గోరు విరిగి నెత్తురు ఎలా వచ్చిందో కూడా రాశాను. తమ్ముడు ఏమీ మాట్లాడకుండా ఎడమ అరచేయి చాపి చూపించాడు. బొటనవేలి మొదటినుంచి మణికట్టు దాకా తెల్లగా ఒక గీత. కొడవలితో పలుపు కోస్తుంటే గేదె బెదిరి లాగినప్పుడు తెగినదట. ఆ మచ్చను నేను 48 ఏళ్ళుగా చూస్తున్నాను, ఎలా వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు.

మూడవ విషయం చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. మాకు చుట్టరికం లేకపోయినా మామయ్య అని పిలిచేవాళ్ళం. ఊళ్ళో డాబా కట్టడం ఒక్కటే ఉండేది, అది బడి. బడి మీదికి ఎక్కినవాళ్ళమే బతికాము. వెళ్ళేటప్పుడు నేను ఆయన గుమ్మం ముందు ఆగి, "మామయ్యా, బడి దగ్గరికి రండి" అని రెండుసార్లు పిలిచాననీ, ఆయన "ఇంతకన్నా పెద్ద గాలులు చూశాను, మీరు పదండి" అని లోపలికి వెళ్ళిపోయారనీ నేను రాశాను. ఈ మాట నేను మా ఆవిడకు చెప్పాను, పిల్లలకు చెప్పాను, ఊరివాళ్ళకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తమ్ముడు చాలాసేపు తల వంచుకొని కూర్చుని, చివరికి ఇలా అన్నాడు: "మనం ఆ ఇంటివైపు వెళ్ళనే లేదన్నయ్యా. అప్పటికే ఆ దారిలో నడుములోతు నీళ్ళు. నువ్వు నాయనమ్మను భుజాన వేసుకొని చెరువుగట్టు మీదుగా పరుగెత్తావు. నేను నీ వెనకాలే ఉన్నాను."

ఆయన శవం కూడా దొరకలేదు. నేను పిలిచాను, ఆయనే రాలేదు అన్న మాటను పట్టుకొని నేను ఇన్నేళ్ళు నిద్రపోయాను. తమ్ముడి మాటే నిజమైతే, ఆ పిలుపు నా అవసరం కొద్దీ నేను తయారు చేసుకున్నదే కావాలి. వాడూ అప్పుడు 15 ఏళ్ళ కుర్రవాడే, భయంతో ఉన్నవాడే, వాడి జ్ఞాపకం మాత్రం తప్పు కాకూడదని ఏమీ లేదు. మా ఇద్దరికీ తప్ప ఆ దారి తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు.

నా ప్రశ్న ఏమిటంటే, మనవరాలికి ఇచ్చే నోటుబుక్కులో ఆ పేజీని ఎలా రాయాలి? నాకు గుర్తున్నట్టు ఉంచితే అబద్ధం అవుతుందేమోనని భయం. తమ్ముడు చెప్పినట్టు రాస్తే, నాకు గుర్తులేని దాన్ని గుర్తున్నట్టు రాయవలసి వస్తుంది. అసలు వయసు మీద పడుతున్నకొద్దీ మనిషి గతాన్ని సరిగ్గా అర్థం చేసుకుంటాడా, లేక తనకు నొప్పి కలగకుండా నున్నగా చెక్కుకుంటాడా? ఈ వయసువాళ్ళు, మాలాంటి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు 1: పూర్వ అధ్యాపకురాలు

అన్నగారికి నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో 31 సంవత్సరాలు మనస్తత్వశాస్త్రం బోధించాను. మీ ప్రశ్న చదివిన తరువాత రెండు రోజులు ఆగి, ఆలోచించి ఈ జవాబు రాస్తున్నాను.

మొదట మీరు ఒక మాట వెనక్కి తీసుకోవాలని నా కోరిక. మీరు అబద్ధం ఆడలేదు. అబద్ధం ఆడేవాడికి నిజం తెలిసి ఉంటుంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన పరిశోధనలో, ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఆంగ్లేయులకు చదవనిచ్చి, కొంత కాలం గడిచాక మళ్ళీ చెప్పించారు. ఆ కథలోని తెడ్డు దోనెలు వాళ్ళ నోట మామూలు పడవలయ్యాయి. అర్థంకాని చోట్ల వాళ్ళకు అర్థమయ్యే కారణాలు వచ్చి చేరాయి. కథను మార్చి చెప్పాలని వాళ్ళెవరూ అనుకోలేదు. మన మనసు జ్ఞాపకాన్ని పెట్టెలో దాచిన పట్టుచీరలా మడత విప్పకుండా ఉంచదు. తలచుకున్న ప్రతిసారీ మిగిలిన పోగులతో మళ్ళీ నేస్తుంది, చాలని చోట దగ్గరలో ఉన్న దారం వాడుకుంటుంది. మీ అమావాస్య అలాంటి దారమే. మన కథల్లో, మన మాటల్లో గాఢమైన చీకటికి అమావాస్య అనే పేరు ఉంది కాబట్టి అది వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది.

మీకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి చెబుతాను. మీ ఊరిమీద ఉప్పెన వచ్చిన 1977లోనే రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక వ్యాసం ప్రచురించారు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యలాంటి వార్త విన్న క్షణం, చీకట్లో ఫ్లాష్ వెలిగించి తీసిన ఫోటోలాగా మనసులో ముద్రపడి ఉంటుందని అందులో ప్రతిపాదించారు. చాలాకాలం మేము తరగతిలో అదే చెప్పేవాళ్ళం. తరువాత, 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు, ఉల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ అనే పరిశోధకులు మరునాటి ఉదయమే విద్యార్థుల చేత "ఆ వార్త మీరు ఎక్కడ ఉండగా, ఎవరి ద్వారా విన్నారు" అన్న ప్రశ్నకు జవాబులు రాయించారు. దాదాపు రెండున్నర ఏళ్ళ తరువాత వాళ్ళలో 44 మందిని మళ్ళీ అదే అడిగితే, ఎంతోమంది పూర్తిగా వేరే జవాబు చెప్పారు, అదీ గట్టి నమ్మకంతో చెప్పారు. తమ చేతిరాతలోనే ఉన్న పాత కాగితం చూపించినా ఆ మొదటి జ్ఞాపకం వాళ్ళకు తిరిగి రాలేదు. వాళ్ళు వృద్ధులు కారు, కళాశాల పిల్లలు. కాబట్టి ఇది ముసలితనం తెచ్చిన లోపమని మీరు కుంగిపోనక్కరలేదు. తెలుసుకోవలసిందల్లా ఒక్కటే. జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉన్నదన్నదానికీ, అది ఎంత నిజమన్నదానికీ మధ్య మనం అనుకునేంత దగ్గర సంబంధం లేదు. మీ గోరు కింద నెత్తురు మీకు అంత స్పష్టంగా కనబడింది గదా.

నిన్నటి కూర గుర్తులేక యౌవనం గుర్తుండడం కూడా మీ ఒక్కరికే ఉన్నది కాదు. పెద్దవాళ్ళను జీవితంలోని సంఘటనలు చెప్పమంటే, పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ లోపు వయసులో జరిగినవే ఎక్కువగా చెబుతారని ఎన్నో పరిశోధనల్లో తేలింది. మీ ఉప్పెన సరిగ్గా ఆ వయసులోనే వచ్చింది.

ఇక వయసుతో వివేకం వస్తుందా అన్న మీ చివరి ప్రశ్న. బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో పాల్ బాల్టెస్, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి ఈ విషయం మీదనే పనిచేశారు. జీవితంలో ఎదురయ్యే చిక్కుముడులను ఇచ్చి, మనుషులు వాటిని గురించి ఎలా ఆలోచిస్తారో విన్నారు. పాతికేళ్ళ వయసు నుంచి డెబ్భై అయిదు దాకా చూస్తే, కేవలం వయసు పెరిగినందువల్ల వివేకం పెరుగుతున్నట్టు వాళ్ళకు కనబడలేదు. అయితే వాళ్ళు వివేకానికి పెట్టుకున్న గుర్తులలో ఒకటి నాకు మీ ఉత్తరం చదువుతుంటే పదే పదే గుర్తుకు వచ్చింది. తనకు తెలిసినదానికి హద్దు ఉందని గ్రహించి, ఆ అనిశ్చితితోనే బతకగలగడం వాళ్ళ లెక్కలో వివేకం. తమ్ముడు అరచేయి చాపినప్పుడు మీరు ఆయన మీద కోపం తెచ్చుకోలేదు, పంచాంగం సంపాదించి చూశారు. 23 ఏళ్ళ వయసులో అయితే అలా చేసి ఉండేవారా?

నా సలహా: మీకు గుర్తున్నది మీకు గుర్తున్నట్టే రాయండి. ఆ కిందనే తమ్ముడి మాటలు ఆయన మాటల్లోనే రాయండి. మధ్యలో రాజీ కథ ఒకటి అల్లవద్దు, అది ఇద్దరిలో ఎవరూ చూడనిది అవుతుంది.

జవాబు 2: బందరు నుంచి

బాబాయి గారూ, నమస్కారం. నాకు 57 ఏళ్ళు. ఉప్పెన నాటికి నేను తొమ్మిదేళ్ళ పిల్లను. మాది సముద్రం ఒడ్డున చేపలు పట్టుకొని బతికే ఊరు. ఇప్పుడు బందరులో బడిపంతులమ్మను.

అమ్మగారు చెప్పిన పరిశోధనల సంగతి నేను కాదనలేను. కాని వయసుతో వివేకం రాదన్న మాట దగ్గర నా మనసు ఒప్పుకోవడం లేదు. నేను చూసింది చెబుతాను.

మా అమ్మ ఆ రాత్రి తుమ్మచెట్టులో ఇరుక్కుని బతికింది. ఆమె చెట్టును పట్టుకోలేదు, చెట్టే ఆమెను పట్టుకుంది. జుట్టంతా ముళ్ళకు చుట్టుకుపోయి, నీరు లాగుతున్నా వదలలేదు. తెల్లవారిన తరువాత మా చిన్నాన్న చేపలు కోసే కత్తితో ఆ జుట్టు కోసి కిందికి దింపాడు. మా అక్కా, చంటివాడైన మా తమ్ముడూ దక్కలేదు. నాకు కెరటం గుర్తులేదు, గాలి గుర్తులేదు. కొమ్మకు వేలాడుతున్న అమ్మ జడ గుర్తుంది, అది గాలికి ఊగుతూ ఉండడం గుర్తుంది. ఆ తరువాత చాలా రోజులపాటు బావినీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పుగా ఉండేవి. ఎక్కడినుంచో ట్యాంకరులో మంచినీళ్ళు వస్తే, చప్పగా ఉన్నాయని ఏడ్చానట. అది నాకు గుర్తులేదు, అమ్మ చెప్పగా విన్నదే. ఇప్పుడు ఆ రుచి కూడా నాకు గుర్తున్నట్టే ఉంటుంది. కాబట్టి మీ అమావాస్య సంగతి నాకు వెంటనే అర్థమయింది.

ఆ జుట్టు మళ్ళీ పెరిగింది గాని అమ్మ జడ వేసుకోలేదు, ముడి మాత్రమే వేసుకునేది. ఉప్పెన గురించి ఒక్క మాట మాట్లాడేది కాదు. 12 ఏళ్ళు దాటాయి. 1990 మే నెలలో రేడియోలో తుఫాను హెచ్చరికలు మొదలయిన రోజునే అమ్మ వంటసామాను మూట కట్టింది. ఎండ కాస్తోంది, గాలి కూడా లేదు. మా ఆయనా, మరుదులూ నవ్వారు. కోడలి పుట్టిల్లు ఉన్న పై ఊరికి అందరినీ లాక్కుపోయింది. "రానీ, రాకపోనీ, వచ్చేది కళ్ళతో చూసిన తరువాత పరుగెత్తడానికి కాళ్ళు ఉండవు" అన్నది. మే 9న తుఫాను వచ్చి మా ఇంటి గోడలు పడిపోయాయి. ఆ ఏడు కోస్తా పొడవునా లక్షకు పైగా మందిని ముందుగానే తరలించారు. 1977లో పదివేల మందికి పైగా పోయారని చెప్పుకుంటే, 1990లో పోయినవాళ్ళు వెయ్యికి లోపు. హెచ్చరించే ఏర్పాట్లు మెరుగయ్యాయి, తుఫాను ఆశ్రయాలు కట్టారు, అధికారులు కష్టపడ్డారు, అదంతా నిజం. కాని హెచ్చరిక విని కదిలే మనుషులు కూడా ఉండాలి గదా. వాళ్ళను కదిలించింది మా అమ్మలాంటి వాళ్ళ భయమే. చదువు రాని మా అమ్మకు వయసు ఇచ్చిన వివేకం ఆ ఒక్క మూట. నాకు అది చాలు.

మా బందరుకు ఇంకో పాత కథ ఉంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారని చరిత్రలో ఉంది. 1977 నాటికి అది చూసినవాళ్ళు ఒక్కరూ బతికి లేరు. మా తాతల నోట ఎక్కడో ఒక మాటగా మిగిలింది. అందుకే, బాబాయి గారూ, మీరు "ఇంతకన్నా పెద్ద గాలులు చూశాను" అన్న మాట రాశారు చూడండి, అది మీ పక్కింటి పెద్దాయన అన్నా అనకపోయినా, ఆ సాయంత్రం మా సముద్రతీరంలో వందల గుమ్మాల్లో ఎవరో ఒకరు అన్న మాటే. మా తాత అన్నాడు. ఆ మాటను చెరిపివేయకండి. ఇప్పుడు మా బడిలో పిల్లలకే కాదు, వాళ్ళ అమ్మానాన్నలకు కూడా 1977 తెలియదు. తెలిసినవాళ్ళం మనం కొద్దిమందిమి మిగిలాం.

ఒక సంగతి అడగాలని ఉంది. ఆ పెద్దాయనకు నావాళ్ళు అనేవారు ఎవరైనా ఉన్నారా?

జవాబు 3: పాత డైరీ

అన్నగారూ, పై ఇద్దరూ చెప్పినదానితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది.

నా వయసు 67. ఉప్పెన జరిగినప్పుడు విజయవాడలో కళాశాలలో చదువుతున్నాను. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి వంటి పెద్దలు సహాయ కార్యక్రమాలకు నడుం కట్టిన రోజులవి. మాబోటి కుర్రవాళ్ళం లారీ ఎక్కి అవనిగడ్డ వైపు వెళ్ళాం. తొమ్మిది రోజులు ఉన్నాను. ప్రతి రాత్రీ హరికేన్ లాంతరు దగ్గర కూర్చుని డైరీ రాశాను. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

మీ ప్రశ్న చూసిన తరువాత దాన్ని తీసి చదివాను. అందులో ఏముందో తెలుసా? బియ్యం 40 బస్తాలు, బ్లీచింగ్ పౌడరు ఇన్ని సంచులు, కిరోసిన్ డబ్బాలు ఇన్ని వచ్చాయి, ఇన్ని ఖర్చయ్యాయి, ఫలానా దారి తెరుచుకుంది, ఫలానా దారి ఇంకా బురదలో ఉంది. కిరోసిన్ దేనికో డైరీలో లేదు. గుర్తుపట్టడానికి వీలులేని శవాలను, పశువుల కళేబరాలను కాల్చడానికి. కోతకు వచ్చిన వరిచేలు నేలకు అతుక్కుపోయి ఉంటే, వాటి మీద నడుచుకుంటూ వెతికేవాళ్ళం. ఒక చోట ఒక ముసలమ్మ, కూలిపోయిన ఇంటి ముందు ఇత్తడి బిందెను మట్టితో తోముతూ కూర్చుని ఉంది. మేము చేసేదంతా చేసి సాయంత్రం తిరిగివచ్చేటప్పుడు కూడా ఆ బిందెనే తోముతోంది. ఆమె గురించి డైరీలో ఒక్క అక్షరం లేదు. నాకు ఆ తొమ్మిది రోజుల్లో మిగిలింది ఆమె ఒక్కతే.

అంటే ఆనాడు, ఆ చోటనే రాసిన కాగితం తప్పులేనిదే, కాని అందులో నేను లేను. ఇన్నేళ్ళు నాతో ఉండి, బహుశా కొంత మారి, కొంత అరిగిపోయి మిగిలిన జ్ఞాపకంలోనే ఆ తొమ్మిది రోజులు నాకు ఏం చేశాయో ఉంది. బిందె ఇత్తడిదా, రాగిదా అని ఎవరైనా నిలదీస్తే నేను ప్రమాణం చేయలేను. అంతమాత్రాన ఆ ముసలమ్మ లేకుండా పోదు.

అందువల్ల మనవరాలికి ఇచ్చే పుస్తకంలో అడుగడుగునా "ఇది నిజమో కాదో" అని సందేహాలు గుచ్చవద్దని నా మనవి. ఆ పిల్లకు తాత గొంతు వినబడాలి, న్యాయస్థానంలో ఇచ్చే వాంగ్మూలం కాదు. గేదె పలుపు తమ్ముడు కోశాడని సరిదిద్దండి, దానికి ఆయన అరచేయే సాక్ష్యం. అమావాస్య తీసివేయండి, పంచాంగం సాక్ష్యం. పిలుపు విషయంలో మాత్రం సాక్ష్యం లేదు, ఇద్దరు అన్నదమ్ముల మాట తప్ప. అక్కడ అమ్మగారు చెప్పినట్టు రెండూ పక్కపక్కన పెట్టడమే సరి. అయితే నేను ఒకటి చేర్చమంటాను. ఆ పిలుపు మీకు ఎందుకు అంత అవసరమయిందో మీరు మా అందరికీ ఇక్కడ రాశారు గదా, ఆ రెండు వాక్యాలూ యథాతథంగా అందులో రాయండి. "నేను పిలిచాను, ఆయనే రాలేదు అన్న మాటను పట్టుకొని నేను ఇన్నేళ్ళు నిద్రపోయాను" అన్న వాక్యం గురించి మీ తమ్ముడు కూడా మీతో గొడవ పడలేడు.

ఇంకొక్క మాట. నాయనమ్మను భుజాన వేసుకొని పరుగెత్తినవాడు నడుములోతు నీళ్ళున్న ఇంకో దారిలోకి వెళ్ళి ఉంటే, ఇవాళ ఈ ప్రశ్న అడగడానికి మీరూ ఉండేవారు కాదు, నోటుబుక్కు అడగడానికి ఆ పిల్లా ఉండేది కాదు. ఇది మిమ్మల్ని ఓదార్చడానికి అంటున్నది కాదు. చెరువుగట్టు పట్టిన 23 ఏళ్ళ కుర్రవాడి పక్షాన కూడా ఎవరో ఒకరు మాట్లాడాలని అంటున్నాను.

దివిసీమవాసి

ముగ్గురికీ పేరుపేరునా నమస్కారాలు. జవాబు ఆలస్యమయింది, మన్నించాలి. మీరు రాసినవన్నీ మా అబ్బాయి చేత అచ్చు తీయించి, ఊరికి వెళ్ళి తమ్ముడికి చదివి వినిపించాను.

అమ్మగారూ, "మీరు అబద్ధం ఆడలేదు" అన్న వాక్యం దగ్గర తమ్ముడు నన్ను ఆపి మళ్ళీ చదవమన్నాడు. ఆ తరువాత వాడు చెప్పిన మాట నేను ఊహించనిది. వాడికీ ఒక అనుమానం ఉన్నదట. చెరువుగట్టు మీద పరుగెత్తుతుండగా వెనకనుంచి ఎవరో కేక వేసినట్టు వాడికి ఎప్పుడూ కలలో వినిపిస్తుందట. అది గాలి అనుకున్నాడట. నేను ఎవరినో పిలిచిన కేకా, ఎవరో మమ్మల్ని పిలిచిన కేకా, అసలు కేకే లేదా అన్నది వాడికీ తెలియదు. ఇన్నేళ్ళలో ఈ మాట మేమిద్దరం ఒకరితో ఒకరు అనుకోలేదు. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకు కలిసినప్పుడల్లా ఎరువుల ధరలు, పిల్లల ఉద్యోగాలు మాట్లాడుకున్నాం. నా 14 పేజీలకు ఎదురుగా ఎడమవైపు పేజీలన్నీ ఖాళీగా ఉన్నాయి. వాటిలో వాడు తన చేత్తో రాస్తానన్నాడు. వాడి అక్షరాలు పెద్దవి, వంకరగా ఉంటాయి. ఇప్పటికి మూడు పేజీలు రాశాడు. గేదె సంగతి వాడి పేజీలో ఉంది, నా పేజీలో కొట్టివేశాను. కొట్టివేసిన గీత కింద నేను మొదట రాసింది కూడా చదవడానికి వీలుగానే ఉంచాను.

బందరు అమ్మాయీ, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. ఆయనకు ఒక్కతే కూతురు. ఆ రోజు అత్తవారింట్లో ఉండడం వల్ల బతికింది. ఇప్పుడు అవనిగడ్డలో మనవలతో ఉంటోంది, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఉప్పెన తరువాత తండ్రిని వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఆమెకు మొదటిసారి ఆ మాట చెప్పింది నేనే. "రమ్మని పిలిచాను, రాలేదు" అన్నాను. ఆమె "ఆయన మొండితనం నాకు తెలియదా" అని కూలిన గోడ మీద కూర్చుని ఏడ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మాట మొదటిసారి నా నోట వచ్చింది అక్కడేనేమో అనిపిస్తోంది. నాయన మొండితనం వల్ల పోయాడన్న నమ్మకంతో ఆమె కూడా 48 ఏళ్ళు గడిపి ఉంటుంది. ఆ మొండితనం మీద ఆమెకు కోపం కూడా ఉండి ఉండవచ్చు. మనవరాలికి నిజం రాసివ్వాలని తాపత్రయపడుతున్నాను గాని, ఆ నిజం ముందుగా ఎవరికి చెప్పవలసి ఉందో నాకు ఇంతవరకు తోచనే లేదు.

డైరీ ఉన్న తమ్ముడు గారూ, మీరు చేర్చమన్న రెండు వాక్యాలూ చేర్చాను. చెరువుగట్టు పట్టిన కుర్రవాడి పక్షాన మీరు మాట్లాడిన మాటను మాత్రం పుస్తకంలో రాయలేకపోయాను. అది నా అంతట నేను రాసుకోదగినది కాదనిపించింది.

వచ్చే ఆదివారం తమ్ముడూ నేనూ అవనిగడ్డ వెళ్తున్నాం. ముందుగా ఫోను చేస్తే, "ఉప్పెన మాటలా, ఇప్పుడెందుకు తమ్ముడూ" అని కాసేపు ఆగి, "భోజనానికి రండి, ఇద్దరూ రండి" అంది అక్కయ్య. నోటుబుక్కు వెంట తీసుకు వెళ్తున్నాను. ఆ పేజీ ఆమెకు చదివి వినిపించిన తరువాతే మనవరాలికి పంపిస్తాను.